ఎర్రదిబ్బలో మతం పుట్టిన వైనం

వంతు 2118, సోమవారం

ఆవాలు అడిగాం. ఆవాలతో పాటు మతం కూడా వచ్చింది.

భూమి నుంచి సరుకుల ఓడ మా ఎర్రదిబ్బకు నాలుగేళ్ళకోసారి వస్తుంది. ఈసారి జాబితాలో ఆవాలు, సూదులు, పంపు వాషర్లు, దగ్గు మందు రాశాం. దగ్గు మందు తప్ప అన్నీ వచ్చాయి. అడుగున ఎవరూ అడగని చిన్న డబ్బా ఒకటి ఉంది. మా అధ్యక్షురాలు కమలాక్షి గారు దాన్ని రెండు చేతులతో పైకి తీసి గుండెకు హత్తుకున్నారు. పదకొండేళ్ళ కిందట ఎవరికీ చెప్పకుండా ఆవిడ తెప్పించమని రాసుకున్న, మా ఆటకు కొత్త భాగాలు చేర్చే అనుబంధం అది.

"అబ్బులు గారూ, ఇందులో కొత్తగా మతం పెట్టారంటండీ. సలహాదారుల్ని కూడానంట!" అన్నారు కళ్ళు ఇంతింత చేసుకుని.

"దగ్గు మందు పెట్టలేదండీ," అన్నాను.

వినిపించుకోలేదు.

ఆట సంగతి తెలియనివాళ్ళు ఎప్పుడైనా ఈ కాగితాలు చూస్తారేమో, ఒక ముక్క రాస్తాను. మా పెద్దవాళ్ళు నాలుగేళ్ళ ప్రయాణంలో పొద్దుపోక పాతకాలపు రాజ్యాల ఆట ఒకటి ఆడారు. కోటలు, పంటలు, ఏనుగులు, ముట్టడులు. కిటికీ పక్క పడక ఎవరిదన్న తగువు కూడా అందులోనే తేల్చుకునేవాళ్ళట. ఇక్కడ దిగాక తలుపులు, హీటర్లు, నీళ్ళ పంపులు కూడా దాని చేతికే అప్పగించారు. మనిషికైతే బావమరిది ఉంటాడు, ఆటకు ఉండడు కదా అని. ప్రతి శనివారం సాయంత్రం సభ కూర్చుని ఒక ఎత్తు వేస్తుంది. దాన్ని వంతు అంటాం. సభలో వెలిగే పలక మీద ఆట ఏం చెబితే ఊళ్ళో తలుపులూ పంపులూ అదే చేస్తాయి. నలభై ఏళ్ళుగా ఇబ్బంది లేకుండా సాగింది. ఒకటే లోటు: ఆ ఆటలో కోడి లేదు. అందుకని మా నలభై కోళ్ళూ ఏనుగుల పద్దు కింద నమోదయ్యాయి.

నేను రాయసం. ఊళ్ళో జరిగిన ప్రతి మార్పూ పుస్తకంలో ఎక్కించడం నా పని. ఆ పుస్తకాన్ని ఆట చదువుతుంది. ఇది ఆ పుస్తకం కాదు, నా సొంతం. ఇందులో కాస్త నోరు జారినా ఫర్వాలేదు.

వంతు 2118, శనివారం

అనుబంధం ఎక్కించారు. ఎక్కించిన తరువాత తెలిసిన సంగతి, పాత ఆట ఇక తెరుచుకోదు. వెనక్కి పోదామంటే రెండు వేల పైచిలుకు వంతులూ చెరిగిపోతాయట.

"వెనక్కెందుకండీ, ముందుకు పోదాం," అన్నారు కమలాక్షి గారు. ఆవిడ ఎప్పుడూ అంతే. వంట మాడినా ముందుకే పోతారు.

పలక మీద మూడు కుర్చీల బొమ్మలు వచ్చాయి. అవి నిండితే కానీ వంతు ముగియదట. ఎవర్ని కూర్చోబెట్టాలా అని సభ తర్జనభర్జన పడుతుంటే ఆటే తేల్చేసింది. నలభై ఏళ్ళుగా మమ్మల్ని చూస్తోంది కదా, ఎవరి బండారం ఏమిటో దానికి తెలుసు.

సేనాపతి: సూరన్న. ఎందుకంటే నలభై ఏనుగులకూ మేత వేసేది అతనే. ధర్మాధికారి: పుల్లేశ్వర్రావు. గాలి జల్లెళ్ళు కడిగే మనిషి. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. చరిత్ర సలహాదారు: నేను, రాయసం కలం ఇక ఆ కుర్చీకే. పేరు పక్కన గుణాలు కూడా చూపించింది. సూరన్నకు ధైర్యం రెండు. నాకు చేతిరాత ఎనిమిది, విధేయత తొమ్మిది, గోప్యత పది. పదికి పది. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ప్రతి సలహాదారుకూ అలక అని ఒక గీత ఉంది. సలహా వినకపోతే గీత పెరుగుతుంది. నిండితే ఆ శాఖ పని ఆగిపోతుంది. మా వాళ్ళకు అలక నేర్పడానికి భూమి నుంచి ఓడ రావాలా?

వంతు 2119, గురువారం

సూరన్న అలిగాడు. ఏనుగుశాలకు కొత్త తడిక కావాలని సలహా ఇస్తే సభ వచ్చే వారం చూద్దామంది. మంగళవారం పొద్దున కోళ్ళ గూటి తలుపు తెరుచుకోలేదు. లోపల నలభై కోళ్ళ గోల, బయట సూరన్న గోల.

"నేనలగలేదండి బాబూ! ఆ గీతే అలిగింది. నా ఏనుగులు గుడ్లెట్టే ఏళండి ఇది!"

కమలాక్షి గారు పరుగున వచ్చి తడికకు ఒప్పుకున్నారు. గీత దిగింది, తలుపు తెరుచుకుంది. నాటి పుస్తకంలో నేను ఎక్కించిన వాక్యం ఇది: సేనాపతి శాంతించారు, గజబలం ముప్ఫై రెండు గుడ్లు పెట్టింది.

వంతు 2119, శనివారం

ఈ రోజు మాకో మతం ఉందని తెలిసింది.

అనుబంధం ఊరికే ఒక మతాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టదు. జనమంతా రోజూ ఒకే తీరున, కారణం అడగకుండా చేసే పని ఏమిటో వెతుకుతుంది. దొరికితే అదే ఆ రాజ్యపు మతం. పలక మీద శంఖం మోగి, అక్షరాలు వచ్చాయి: "నీటి ముందు మూడు దెబ్బలు. పాటించేవారు 213. పాటించనివారు 1."

సభలో ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నిజమే. మాకు తెలిసి కుళాయి తిప్పే ముందు పైపును మూడుసార్లు తట్టని వాడు ఎర్రదిబ్బలో లేడు. టక్, టక్, టక్, ఆ తరువాతే నీళ్ళు. మా చంటిపిల్లలు మాట కంటే ముందు అది నేర్చుకుంటారు. ఎందుకు తడతామని ఒక్కరూ ఆలోచించలేదు.

పుల్లేశ్వర్రావు ధర్మాధికారి ఎందుకయ్యాడో కూడా అప్పుడే తేలింది. అతను ఆరుసార్లు తడతాడు. మొదటి మూడూ సరిగా పడ్డాయో లేదోనని అనుమానం.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, సభ ముగిసేలోపే అతను మతానికి త్రిఘాత మార్గం అని పేరు పెట్టేశాడు. మొదటి దెబ్బ మంచుకు, రెండోది పైపుకు, మూడోది మనకు అని వివరించాడు. నిన్నటిదాకా జల్లెడ బ్రష్షు ఎక్కడ పెట్టాడో వివరించలేకపోయిన మనిషి.

నవ్వుతూ ఇంటికొచ్చాను. ఆ ఒక్కరూ ఎవరో మా గొట్టం తలుపు తీసేదాకా తట్టలేదు నాకు. మేముండేవి గొట్టాలే, పన్నెండు ఉన్నాయి, ఒక్కో గొట్టానికి ఒక కుళాయి. మా మూడో గొట్టంలో పిన్ని కుళాయి దగ్గర నిలబడి, గిన్నె పెట్టి, ఏమీ తట్టకుండా తిప్పుకుని, నీళ్ళు పట్టుకుని పోయింది.

వంతు 2120, మంగళవారం

మా పిన్ని వజ్రమ్మకు ఎనభై ఒకటి. మా అమ్మ ఓడలోనే పోయింది. అప్పట్నుంచి నన్ను పెంచింది ఈవిడే. ఎర్రదిబ్బలో మొదటి పైపు వేసింది, మొదటి పంపు తిప్పింది కూడా ఈవిడే. తట్టడం మొదలుపెట్టించింది కూడా ఈవిడే, అదీ అసలు తమాషా.

వంతు 400 ప్రాంతంలో నీళ్ళ ట్యాంకులో తేలే ఫ్లోటు అంటుకుపోయి కుళాయికి నీళ్ళు వచ్చేవి కావు. బాగుచేసేదాకా మూడుసార్లు తట్టి తిప్పమని పిన్ని అందరికీ చెప్పింది. వంతు 523లో ఒక ఇత్తడి చెంబు కోసి కొత్త ఫ్లోటు చేసి బిగించింది. ఆ రోజు నుంచి తట్టే అవసరం లేదు. తను తట్టలేదు. మిగతా ఊరంతా ముప్ఫై ఏళ్ళుగా తడుతూనే ఉంది.

ఈ రోజు పలక మీద ఆమె పేరు ఎర్రగా వచ్చింది. "మతభ్రష్టురాలు. రెండు వంతుల లోపు మారని యెడల సరిహద్దు ప్రాంతానికి." సరిహద్దు ప్రాంతమంటే పన్నెండో గొట్టం. మంచు తవ్వే గోతిని ఆనుకుని ఉంటుంది. అక్కడ హీటరు సగమే పనిచేస్తుంది, తొమ్మిది మందికే చోటు. పిన్నికి దగ్గు. రెండు చలికాలాల నుంచి తగ్గని దగ్గు. అక్కడ ఆమె ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలుసు.

సాయంత్రం బతిమాలాను.

"పిన్నీ, మూడు దెబ్బలే కదా. వేలితో అలా అను, చాలు."

"ఎందుకురా అనాలి?"

"ఆట ఊరుకుంటుంది."

"ఫ్లోటు అంటుకుంటోందా ఇప్పుడు?"

"లేదు."

"మరి? నేను తడితే ఏంటి దానర్థం? వజ్రమ్మ బిగించిన ఫ్లోటు మీద వజ్రమ్మకే నమ్మకం లేదని కాదూ? ఎనభై ఏళ్ళొచ్చాక నా పని మీద నేనే అనుమానపడనా?"

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అయినా ఆ ఫ్లోటు సంగతిలో కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళున్నాయి, అదీ బాధ.

వంతు 2120, శనివారం

పిన్ని సభకు వచ్చింది. చేతిలో పనిముట్ల సంచీ.

"ట్యాంకు మూత తీసి చూపిస్తాను రండి. ఫ్లోటు నిక్షేపంలా ఉంది," అంది.

"బాగుండకేమండీ!" అన్నాడు పుల్లేశ్వర్రావు. "ఊరంతా తడుతోంది కాబట్టే బాగుందండి."

దీనికి జవాబు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పిన్ని కమలాక్షి గారి వైపు తిరిగింది.

"ఫ్లోటు మార్చిన రోజే చీటీ రాసిచ్చానమ్మా. ఇక ఎవరూ తట్టక్కర్లేదని. వంతు ఐదొందల ఇరవై మూడు. పుస్తకంలో ఉంటుంది."

పుస్తకంలో ఉంటే చాలు. తట్టడం మానమన్న మాట ఆనాడే నమోదైందని ఆట చదువుకుంటుంది, గొడవ తీరుతుంది. కమలాక్షి గారి మొహం వెలిగిపోయింది. ఆవిడకు ఆట ఇష్టమే కానీ పిన్నిని చలిలోకి పంపడం ఇష్టం లేదు.

"అబ్బులు గారూ, చూడండి మరి!"

పాత పుస్తకం తీశాను. 523 తెరిచాను. చదివినట్టు నటించాను. చదవనక్కర్లేదు, ఆ పేజీలో ఏముందో నాకు కంఠతా వచ్చు.

"లేదండీ," అన్నాను.

అబద్ధం కాదు. పుస్తకంలో లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పిన్ని నన్నొకసారి చూసింది. "అయితే లేదన్నమాట," అని సంచీ భుజానికి వేసుకుని వెళ్ళిపోయింది.

వంతు 2121, ఆదివారం

ఎందుకు లేదో రాస్తాను. గోప్యత పదికి పది అని ఆట నాకు ఊరికే ఇవ్వలేదు.

వంతు 523 నాటికి నాకు పదహారేళ్ళు. పాత రాయసం దగ్గర పనిలో చేరి నాలుగో రోజు. అవేళ సభ ఆటలో ఒక కొండకోటను ముట్టడించింది. గోడ కూలబోతోంది. ఊరంతా అరుస్తోంది, నేనూ అరుస్తున్నాను. పిన్ని తడి చేతులతో వచ్చి ఒక చీటీ నా చేతిలో పెట్టి, "ఎక్కించరా" అని పోయింది. సరేనన్నాను. దాన్ని జావ గ్లాసు మీద మూతగా పెట్టుకున్నాను. కోట పడింది. గ్లాసూ పడింది. చీటీ జావలో నాని ముద్దయింది.

రాయసానికి ఒకటే నియమం. ఒక్క ముక్క వదిలినా కలం దింపెయ్యాలి. ఊరి తలుపులు నడిచేది ఆ పుస్తకం మీద కాబట్టి, అందులో చిల్లు ఉండకూడదు. చీటీ పాడైందని చెబితే నాలుగో రోజే నన్ను పంపేస్తారు. మళ్ళీ రాయించుకుందామంటే పిన్ని ఏమంటుందోనని భయం. రేపు చెబుదాం అనుకున్నాను. తరువాత రేపు అన్నాను. జనం ఎలాగూ తడుతూనే ఉన్నారు, నష్టమేముందిలే అనుకున్నాను. అలా ముప్ఫై ఏళ్ళయింది.

ఎర్రదిబ్బ మతానికి మూలం ఒక గ్లాసు జావ. పుల్లేశ్వర్రావు గారికి ఈ సంగతి చెబితే గ్లాసుకు కూడా పూజ పెట్టిస్తారు.

వంతు 2121, బుధవారం

నిజం చెప్పడానికి ధైర్యం లేనివాడు తెలివితేటలు వాడతాడు. నేనూ వాడాను.

మా అందరి మణికట్టుకూ ఒక పట్టీ ఉంటుంది. అది దగ్గర పెడితేనే కుళాయి తిరుగుతుంది. ఎవరు నీళ్ళు పట్టారో ఆటకు తెలిసేది దాని వల్లే. పిన్ని రోజూ పొద్దున చేతి కీళ్ళ నొప్పులకు వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకుంటుంది. అప్పుడు పట్టీ తీసి గూట్లో పెడుతుంది. సోమవారం ఆ పట్టీ తీసుకెళ్ళి, కుళాయి దగ్గర నేనే మూడు తట్టి, చెంబెడు నీళ్ళు పట్టాను. మంగళవారం కూడా అదే చేశాను. ఈ రోజు మూడోసారి.

శంఖం మోగింది. ఊళ్ళో అన్ని గొట్టాల్లోనూ మైకు పలికింది: "వజ్రమ్మ త్రిఘాత మార్గం స్వీకరించింది. రాజ్యానికి శుభం."

ఇది ఊరంతటికీ చాటుతుందని నేననుకోలేదు. పావుగంటలో మా ఇంటి ముందు జనం. కమలాక్షి గారు సున్నుండలు తెచ్చారు. సూరన్న రెండు ఏనుగు గుడ్లు తెచ్చాడు. పుల్లేశ్వర్రావు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నాకు తెలుసండి, మనసు మారుద్దని," అంటూ పిన్ని చేతులు పట్టుకున్నాడు. అందరికీ నిజంగానే సంతోషం. ఆమె వెళ్ళనక్కర్లేదని సంతోషం.

అందరూ పోయాక పిన్ని గూట్లోంచి పట్టీ తీసి చూసింది. అది తడిగా ఉంది.

"నువ్వేనా?"

తల దించుకున్నాను.

"నన్ను కొట్టినా బాగుండేదిరా," అంది. "నా చేత్తో చెయ్యని పని నా పేరు మీద పడేశావు. నలభై ఏళ్ళు ఈ ఊరికి నీళ్ళిచ్చాను. ఏనాడూ చెయ్యని పని చేశానని చెప్పుకోలేదు."

సంచీలో రెండు చీరలు, దుప్పటి, స్పానర్లు సర్దుకుంది. నేను అడ్డంగా నిలబడితే, తప్పుకోమని కూడా అనకుండా పక్కనుంచి వెళ్ళింది. ఎవరూ పంపకుండానే పన్నెండో గొట్టానికి నడిచి వెళ్ళిపోయింది. సున్నుండలు బల్ల మీద ఉన్నాయి. ముట్టబుద్ధి కాలేదు.

వంతు 2121, శుక్రవారం

జావ పట్టుకెళ్ళాను. పన్నెండో గొట్టంలో మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది. పిన్ని మంచు పంపు మోటారుకు వీపు ఆనించి కూర్చుంది, అదే కాస్త వెచ్చగా ఉంటుంది. దగ్గు మొదలైతే ఆగడం లేదు. దగ్గు మధ్యలో నన్ను చూసి, "ఈ మోటారు బేరింగు అరుగుతోందిరా, ఎవరికైనా చెప్పు," అంది. నా మీద కోపం గురించి ఒక్క మాట లేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

తిరిగొస్తూ నడవాలో నిలబడి ఏడ్చాను. నలభై ఆరేళ్ళ వయసున్న రాయసం, విధేయత తొమ్మిది.

వంతు 2121, శనివారం

పొద్దున్నే అసలు పుస్తకం తీసి, నేటి తేదీ కింద ఇలా ఎక్కించాను:

"వంతు 523న వజ్రమ్మ ఇచ్చిన చీటీ: ఫ్లోటు మార్చాను, ఇక ఎవరూ పైపు తట్టక్కర్లేదు. రాయసం అబ్బులు దీన్ని పోగొట్టి, దాచాడు. ఈ వారం వజ్రమ్మ పట్టీతో తట్టింది కూడా అబ్బులే. వజ్రమ్మ ఏనాడూ తట్టలేదు."

ఆట చదివింది. చదివింది చదివినట్టు అన్ని గొట్టాల్లోనూ మైకులో వినిపించింది. నేను సభకు వెళ్ళేసరికి కమలాక్షి గారు చెయ్యి చాపి ఉన్నారు. కలం ఇచ్చేశాను.

"ఏడాది పోయాక సభ ఒప్పుకుంటే మళ్ళీ ఇవ్వచ్చండీ. నేను అడుగుతాను," అన్నారు మెల్లగా. మంచి మనిషి. నా కుర్చీ బొమ్మ పలక మీద బూడిద రంగుకు తిరిగింది.

ఇంతటితో పిన్ని పేరు మళ్ళీ ఎరుపెక్కకుండా గొడవ తీరుతుందనుకున్నాను. ఆట ఒక క్షణం ఆలోచించింది. మూడు శంఖాలు మోగాయి.

"మతస్థాపకురాలి ఆజ్ఞ లభించింది: తట్టరాదు. సంస్కరణ అమల్లోకి వచ్చింది. పాటించేవారు 1. మతభ్రష్టులు 213. వచ్చే వంతు లోపు మారని యెడల సరిహద్దు ప్రాంతానికి."

తొమ్మిది మంది పట్టే గొట్టానికి రెండు వందల పదమూడు మందిమి. సూరన్న లేచి నిలబడ్డాడు. "ఆయ్, మరి ఏనుగులెక్కడుంటాయండి?"

వంతు 2122, గురువారం

ఊరు ఊరంతా తట్టకుండా ఉండడం నేర్చుకుంటోంది. చూడవలసిన దృశ్యం.

చెయ్యి దానంతటదే పోతుంది. టక్ అనేశాక నాలుక కరుచుకుంటున్నారు. ఒకరి వెనక ఒకరు నిలబడి మోచేతులు పట్టుకుంటున్నారు. కమలాక్షి గారు మూడు రోజులు నోటితో చెంబు పట్టుకుని చేతులు వెనక కట్టుకున్నారు. పుల్లేశ్వర్రావు ఆదివారం నాడే మౌన మార్గం అని కొత్త పేరు పెట్టి, మొదటి మౌనం మంచుకు, రెండోది పైపుకు అని చెప్పడం మొదలుపెట్టాడు కానీ, పాపం, అతనికే అందరికంటే కష్టంగా ఉంది. నిన్న తట్టకుండా కుళాయి తిప్పి, నీళ్ళు వచ్చేదాకా వణుకుతూ నిలబడ్డాడు.

"రావేమోనని భయమండి," అన్నాడు నాతో, ఎవరూ వినకుండా. "మా అమ్మ నా చెయ్యి పట్టుకుని తట్టించేదండి. ఇప్పుడు తట్టకపోతే ఆవిడ చెయ్యి వదిలేసినట్టుందండి."

అతన్ని ఆటపట్టించడం ఆ రోజుకు మానేశాను.

ఇప్పటికి మారినవాళ్ళు పందొమ్మిది మంది. మిగతా అందరూ దుప్పట్లు సర్దుకుంటున్నారు.

వంతు 2122, శనివారం

ఇది నా ఆఖరి పేజీ. ఇక రాయడానికి నాకు పదవి లేదు, పదవి లేకుండా రాసేంత ఓపికా లేదు.

సాయంత్రం సభకు ఊరంతా వచ్చింది. పలక మీద కొత్త పెట్టె తెరుచుకుంది. స్థాపకురాలు బతికి ఉంటే మతభ్రష్టుల సంగతి ఆమే తేల్చాలట. మూడు దారులు ఇచ్చింది: వెలి, శిక్ష, సహనం. వేలు పెట్టాల్సింది వజ్రమ్మే. సూరన్న, నేను చెరో చెయ్యి పట్టుకుని ఆమెను పన్నెండో గొట్టం నుంచి తీసుకొచ్చాం. నాలుగు అడుగులకోసారి ఆగి దగ్గింది. అంతమంది మధ్యలో కూడా ఆ దగ్గు ఒక్కటే వినిపించింది.

"సహనమంటే ఏంటమ్మా?" అని కమలాక్షి గారిని అడిగింది.

"తట్టేవాళ్ళు తట్టచ్చు, మానేవాళ్ళు మానచ్చండీ. ఎవర్నీ ఎక్కడికీ పంపదు. మీరూ మీ ఇంటికి వచ్చెయ్యచ్చు. కానీ..." ఆవిడ ఆగారు. "దానికి బదులుగా ఒక సలహాదారు కుర్చీ తీసేస్తుందంటండీ. శాశ్వతంగా. ఖాళీగా ఉన్నది ముందు పోతుంది."

ఖాళీగా ఉన్నది నాది.

పిన్ని వేలు పలక దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు. ఎవరికీ అర్థం కాలేదు.

"వేరే దారి లేదా?" అంది.

"లేదండీ."

"ఏడాదాగితే వీడికి కలం ఇస్తామన్నారుగా. ఇది నొక్కితే ఇక ఇవ్వరా?"

"కుర్చీయే ఉండదు కదండీ."

పిన్ని నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి, మా అమ్మ పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి, గుర్తు లేదు.

"ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకుంది నీ చేతిలో ఆ కలం కోసమేరా," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నీకు తెలుసా?"

"మర్నాడే పుస్తకం చూశాను. లేదు. నీ గ్లాసు పక్కన కాగితం ముద్ద చూశాను. ఇంకో చీటీ రాసిద్దామని కలం పట్టుకున్నాను కూడా. రాసిస్తే మొదటిదేమైందని మీ పాత రాయసం పెద్దాయన అడుగుతాడు. అడిగితే నిన్ను తీసేస్తాడు."

మొన్న సభలో నేను లేదండీ అన్నప్పుడు ఆమె నన్ను చూసిన చూపు తలుచుకున్నాను. ఆవిడ ఒక్క మాట అని ఉంటే చలిలోకి పోయేది కాదు. ఆ మాట ఆవిడ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

"నొక్కు పిన్నీ," అన్నాను. "నొక్కేసెయ్. నాకొద్దు అది."

నొక్కింది. శంఖం మోగలేదు. నా కుర్చీ బొమ్మ పలక మీద నుంచి పోయింది, ఎర్ర అక్షరాలన్నీ పోయాయి. జనం దుప్పట్ల మూటలు పట్టుకుని ఎవరి గొట్టాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. సూరన్న తన కుర్చీ కూడా తీసెయ్యమని కమలాక్షి గారిని బతిమాలుతున్నాడు, ఏనుగుల బరువు మొయ్యలేకపోతున్నాడట.

పిన్నిని పట్టుకుని మూడో గొట్టానికి నడిపించాను. నడవా సగంలో ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడడిగాను.

"ఊరంతా ఊరికే తడుతుంటే ముప్ఫై ఏళ్ళు రోజూ చూస్తూ ఎలా ఊరుకున్నావు పిన్నీ? నువ్వు బిగించిన ఫ్లోటు కదా."

"వాళ్ళకేం పోయిందిరా," అంది. "నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆ కలం తప్ప ఏమీ లేనిది నీ ఒక్కడికేగా అప్పుడు."